దారి మీద నీటి వంపు

మా పిన్ని ఇంటికి రాగానే తాళాలగుత్తిని గుమ్మం దగ్గర్నుంచే బల్ల మీది పింగాణీ గిన్నెలోకి విసురుతుంది. అది గాలిలో వంపు తిరిగి పడేదాకా చెప్పులు విడవదు.

"గిన్నె పగిలిననాడు తెలుస్తుందే నీకు," అంటుంది అమ్మమ్మ.

పిన్ని ఫౌంటెన్లు కట్టే కంపెనీలో కంప్యూటర్ మీద నమూనాలు గీస్తుంది. ఏళ్ల తరబడి ఇంకొకరి ఊహలకే కొలతలు వేసింది. ఒకసారి ధైర్యం చేసి తన ఊహ చెప్పింది: ఆసుపత్రి ఆవరణలో దారికి ఒక పక్క నీళ్లు లేచి, నడిచేవాళ్ల తలల మీదుగా దాటి, అవతలి తొట్టిలో పడాలి.

"ఒక్కరు తడిసినా నీకు మళ్లీ పాత పనే," అన్నాడు యజమాని.

పిన్ని తెర మీద ఆ ఆవరణను గీసి, నీటిచుక్కలకు బదులు చిన్న బంతులు పెట్టింది. వేగమూ కోణమూ ఇస్తే అవి ఒకదాని వెనక ఒకటి లేచి, పైన కాస్త తటపటాయించి, వాలుగా దిగేవి. అక్కడ చప్పుడు లేదు, గాలి లేదు. ఒకరోజు భూమ్యాకర్షణను ఆన్ చేయడం మరిచిపోతే, బంతులు దిగకుండా తెర అంచు దాటి వెళ్లిపోయాయి. పిన్ని వాటిని ఆపలేదు. టీ చల్లారేదాకా చూస్తూ కూర్చుంది.

నీళ్లు వదిలి చూసిన రోజు, రెండు భవనాల సందులోంచి ఎదురుగాలి కొట్టింది. వంపు మధ్యలోనే విరిగి యజమాని నెత్తిన పడింది.

"గాలిని లెక్కలో పెట్టలేదు సార్," అంది పిన్ని మెల్లగా.

"ఊరంతా గాలేనమ్మా. నీ కంప్యూటర్లోనే ఊపిరాడదు," అన్నాడాయన కళ్లజోడు తుడుచుకుంటూ. "ఇంకొక్కసారి చూస్తాను. అంతే."

పిన్ని ఆ సందులో రిబ్బను కట్టి కొన్నాళ్లు గమనించింది. గాలి వీస్తే ఎప్పుడూ అవతలి వైపు నుంచే. తెర మీద గాలిని పెడితే బంతులు దారి మీదే రాలాయి. వేగం పెంచితే, గాలి ఆగినప్పుడు తొట్టిని దాటిపోయాయి. చాలాసేపు వాటినే చూసి, చివరికి దారి అవతలి పక్క నుంచి వదిలింది. ఈసారి గాలి వాటిని వెనక్కి తోయలేదు, మోసుకెళ్లింది. గాలి ఉంటే దూరంగా, లేకుంటే దగ్గరగా పడ్డాయి. రెండు చోట్లూ కలిసేలా తొట్టిని సాగదీసింది.

"ఈ తొట్టేంటమ్మా, పడవలా ఉంది?" అన్నాడు యజమాని.

"గాలి ఎంత దూరం తెచ్చినా పట్టుకోవాలిగా సార్."

పిన్ని ఇప్పుడు సొంత నమూనాలే గీస్తుంది. రోజూ ఆ నీటి కిందుగానే ఇంటికి నడిచి వస్తుంది. గొడుగు తెచ్చుకోదు.