ఉప్పు గోడౌనులో ఆయుధపూజ

దేశం చూడొచ్చని సైన్యంలో చేరాను. సైన్యం నన్ను నౌపడ పంపింది. మా ఊరు టెక్కలి. నౌపడకి సైకిలు మీద గంట దారి.

యాభైల నడిమి మాట. వానాకాలం. మధ్యాహ్నం రైలు దిగాను. భుజాన కిట్‌బ్యాగు, చంకలో తడిసిన రగ్గు. వరదకి వంతెనలు పోయి, పలాస నుంచి ఉద్దానం తీరం దాకా సైన్యం లారీలు కంకర, దూలాలు మోస్తున్నాయి. ఆ లారీలు ఆగకుండా చూడడం మా వర్క్‌షాపు పని. మాకు దొరికిన చోటు స్టేషను వెనక ఖాళీ ఉప్పు గోడౌను. ఇటుక గోడలు, ఇనపరేకుల కప్పు. ఇనుముతో పనిచేసేవాళ్లకి ఉప్పు గోడౌను కేటాయించిన అధికారి ఎవరో తెలీదు గాని, హాస్యం తెలిసిన మనిషి. రాత్రి తుడిచి పెట్టిన పానా పొద్దుటికి ఎర్రబడేది.

కాలేజీ చదువుకున్నానని పనిముట్ల స్టోరు నాకు అప్పజెప్పారు. స్టోరంటే నేల మీద ఒక కుప్ప. లారీలు వరసకట్టి ఉండేవి, కావలసిన పానా దొరికేది కాదు. నేను చేరిన రోజునే చక్రం పానా ఎవరి దగ్గరుందన్న విషయంలో ఒక డ్రైవరుకీ ఫిట్టరుకీ అభిప్రాయభేదం వచ్చింది. ఫిట్టరు దగ్గరే ఉందని డ్రైవరు దవడ విరిగాక రుజువైంది.

ఫిట్టరు మూలపేట మనిషి. శిక్షగా వారంపాటు కొట్లో పెట్టి వదిలారు. బయటికొస్తూనే నన్ను బావా అన్నాడు. మాకు చుట్టరికమేమీ లేదు. అతని చేతి బలం చూసినవాణ్ణి కనక నేను అభ్యంతరం చెప్పలేదు.

ఆ దవడ పుణ్యాన మా హవల్దారు బోర్డు చేయించాడు. ఆయనది డొంకూరు. తలుపంత చెక్కకి నల్లరంగు పూసి, మేకులు కొట్టి, ఒక్కో పనిముట్టునీ ఆనించి చుట్టూ తెల్లగీత గీశాడు. పానా ఉండే చోట పానా బొమ్మ, సుత్తి ఉండే చోట సుత్తి బొమ్మ. జాకీ బరువు కనక దానికి కింద చెక్క అర, అర మీద దాని అడుగు గీత. ఏది తీసినా తీసినవాడి పేరున్న ఇత్తడి బిళ్ల ఆ చోట పెట్టాలి.

"సూడండ్రా," అన్నాడు. "రేపు నా కళ్లు పోయినా, ఈ గోడ కాడికొత్తే నా సెయ్యే ఎతుక్కోవాల. ఎవడైనా ఒక మేకుది ఇంకో మేకుకి తగిలిత్తే, ఆడ్నే తగిలిచ్చేత్తాను."

అలాగే అయింది. కొద్దిరోజుల్లో ఎవరం బోర్డు వంక చూడడం మానేశాం. చెయ్యి చాస్తే కావలసింది చేతిలో ఉండేది. దవడలు విరగడం ఆగింది.

ఆయుధపూజ వచ్చింది. పొద్దున్నే బోర్డు మొత్తం ఖాళీ చేశాం. అమ్మవారి పటం ముందు తార్పాలిను పరిచి, ఫిట్టరు పానాలన్నీ తామరపువ్వులా పేర్చాడు. పెద్దవి బయటి రేకులు, చిన్నవి లోపలివి. ప్రతిదానికీ కుంకుమ బొట్టు. నడిమధ్య జాకీ, దాని మెడకి బంతిపూల దండ.

"ఎలాగుంది బావా?"

"బాగుంది. లారీల కంటే నీకిదే బాగా వచ్చు."

"సదువుకున్నోడివి, నువ్వు పొగిడినా తిట్టినట్టే ఉంటాది."

మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా వాటిని ముట్టకూడదు. ఆ ఒక్కరోజుకీ సైన్యానికి పైఅధికారి అమ్మవారేనని హవల్దారు కూడా ఒప్పుకున్నాడు. గోడ మీద ఉత్త తెల్లగీతలు మిగిలాయి.

రెండు గంటలకి గాలి తిరిగింది. వైర్‌లెస్ పెట్టె దగ్గర ఆపరేటరు వినమని చెయ్యెత్తాడు.

"నౌపడ, నౌపడ. గోపాల్‌పూరుకీ కళింగపట్నానికీ మధ్య తుపాను తీరం దాటుతుంది. బళ్లన్నీ టెక్కలి చేర్చండి. ఓవర్."

"ఆ మధ్యలోనే ఉన్నాం సార్. ఓవర్."

"తెలుసు. ఔట్."

మూడు కల్లా లారీలన్నీ వెళ్లాయి. ఒకటి మిగిలింది, దాంతో మేం నలుగురం. గోడౌను లోపలే గోడ పక్కన, ముందు చక్రం ఊడదీసి, చెక్కదిమ్మల మీద నిలబెట్టి ఉంది.

"సక్రం ఎక్కించేత్తే ఎలిపోవచ్చు," అన్నాడు ఫిట్టరు.

"ఆగరా. కొబ్బరికాయ కొట్టి, అమ్మోరికి సెప్పి తీద్దాం," అంటూ హవల్దారు కాయ కోసం వెతుకుతున్నాడు.

"ఒక్క రేకు తీత్తే అమ్మోరు కోప్పడదులే." ఫిట్టరు తామరలోంచి ఒక పానా లాగి, వదులైన స్ప్రింగు బోల్టు బిగించడానికి లారీ కిందికి దూరాడు.

అప్పుడు కప్పు లేచింది. మొదటి రేకు ఆపరేటరు చెవి కోసుకుపోయింది. అలవాటు కొద్దీ అతను "ఓవర్" అని కూలబడ్డాడు. తరవాత పక్కగోడ లారీ మీదా, తామర మీదా ఒకేసారి పడింది. లారీ దిమ్మల మీంచి జారింది. కింద ఫిట్టరు అరిచిన అరుపు గాలి మీంచి వినబడింది.

నా చెయ్యి నాకంటే ముందు వెళ్లింది. సరిగ్గా జాకీ అరలోకే వెళ్లింది. గోళ్లకి చెక్క తగిలింది. తెల్లగీత ఉంది, జాకీ లేదు.

లారీ కింద ఠంగుమని చప్పుడు. బతికే ఉన్నానని చాసిస్ మీద పానాతో కొడుతున్నాడు.

"బావా! తొందరేటీ లేదు గాని, నీళ్లొత్తన్నాయి!"

ఉప్పుమడుల నీళ్లు గుమ్మం దాటాయి. నేనూ హవల్దారూ ఇటుకల్లో, బురదలో తవ్వాం. సుత్తి దొరికింది. గ్రీజు గన్ను దొరికింది. ఎప్పుడూ కనబడని చిన్న పానాలన్నీ దొరికాయి. స్క్రూడ్రైవరు మాత్రం హవల్దారునే వెతుక్కుంది, అరచేతిలోంచి ఇవతలికొచ్చింది. ఆయన దాన్ని లాగి పక్కన పారేశాడు. జీవితంలో ఆయన ఒక పనిముట్టుని విసిరెయ్యడం నేను చూసింది అదొక్కసారే.

జాకీ దొరికింది. లారీ కింద పెట్టి తిప్పాను. సగం చుట్టు తిరిగి బిగుసుకుంది. బంతిదండ దారం మరలోకి చుట్టుకుపోయింది, పూలు నలిగి పిండి అయిపోయాయి. కోద్దామంటే కత్తి కూడా తామరలోదే, ఇటుకల కింద ఉంది. హవల్దారు దారాన్ని పళ్లతో కొరికాడు. ముందు పన్ను విరిగింది, తరవాత దారం తెగింది. లారీ లేచింది.

చప్పుడు ఎప్పుడు ఆగిందో ఆ గాలిలో మాకు తెలీలేదు. ఛాతీని లారీ నలిపింది. ఊపిరి ఏమైనా మిగిలి ఉంటే నీళ్లు తీసుకున్నాయి. పిడికిట్లో పానా అలాగే ఉంది. విడదీయబోతే వేళ్లు రాలేదు. హవల్దారు రెండోసారి ప్రయత్నించనివ్వలేదు.

మర్నాడు మూలపేట దగ్గర ఇసకలో దహనం చేశాం, పానాతోనే. తిరిగొచ్చి, హవల్దారు కట్టు కట్టిన చేత్తో ఒక్కో పనిముట్టూ తుడిచి బోర్డుకి తగిలించాడు. ఒక మేకు ఖాళీగా మిగిలింది. దానికి ఫిట్టరు పేరున్న ఇత్తడి బిళ్ల తగిలించాడు.

ఒక పానా తక్కువొచ్చిందేమని తరవాత పైనుంచి అడిగారు. హవల్దారు వైర్‌లెస్‌లో తనే జవాబు చెప్పాడు: "అది డూటీలో ఉందండి. ఓవర్."

సైన్యం వదిలి టెక్కలి వచ్చేశాను. దేశం ఏటి సూసొచ్చావని అడిగినవాళ్లకి నౌపడ అని చెప్తే నవ్వారు. రోడ్డు పక్క షెడ్డు వేసి లారీలు బాగుచేస్తున్నాను. నల్లబోర్డు, తెల్లగీతలు మామూలే. ఆయుధపూజ నాడు బొట్లు బోర్డు మీదే పెడతాను, ఏదీ దించను. పంతులుగారికి ఇది నచ్చదు.

"అన్నీ తీసి అమ్మవారి ముందు పెట్టాలయ్యా."

"ఆవిణ్ణే గోడ దాకా రమ్మనండి పంతులుగారూ. కాస్త నడిస్తే మంచిదే."

పూలదండ ఆయన ఎవరి మెడలో వేసినా నాకు అభ్యంతరం లేదు, జాకీకి తప్ప. అయినా ఏ లారీ కింద జాకీ పెట్టి తిప్పినా, మొదటి చుట్టులోనే మర సందులోంచి నలిగిన బంతిరేకు ఒకటి పైకొస్తుంది. పచ్చగా, తడిగా. ఆగి, వేలితో మర తుడుస్తాను. వేలికి గ్రీజే అంటుతుంది. మళ్లీ తిప్పుతాను.