గోవా దాంక పోని వారంటు

యాభై ఏడులో, బోధన్ ఫ్యాక్టరీకి పోయే బాట మీద, చెరుకు బండ్ల వరుసల ఎవని బండి ముందుండాలన్న కాడ లొల్లి అయ్యింది. లింబయ్య అనే బండి తోలేటాయన చెరుకు కొట్టే కత్తితోని ఇంకో బండి తోలే ఏసయ్యను నరికిండు. ఏసయ్య అక్కడనే పానం ఇడిసిండు. లింబయ్య ఎడ్లను గూడ ఇప్పకుండ చెరుకు తోటల్ల పడి మాయమైండు.

ఏసయ్య పెండ్లాం శారమ్మ. మెథడిస్టు గుడిల అందరికన్న ముందుగాల గొంతెత్తి పాడే మనిషి. గా దినం సంది గుడికి పోయేది గని నోరు కలిపేది కాదు. పాస్టరు అయ్యగారు అడిగితే, "పాట నోటికి వస్తలేదయ్యా" అన్నది. గంతే.

మరుసటేడు లింబయ్య జాడ తెలిసింది. గోవాల ఓడలకు ఇనుపరాయి మోస్తున్నడట. శారమ్మ ఠాణాకు పోతే జమేదారు నిమ్మలంగ చెప్పిండు.

"గోవా మనది కాదు శారమ్మా, పోర్చుగీసోల్లది. నేరం చేసినోన్ని మల్ల అప్పజెప్పాలంటే రెండు సర్కార్లు ఒడంబడిక రాసుకోవాలె. గిప్పుడు ఆల్లకూ మనకూ మాటలే లేవు. మా వారంటు సరిహద్దు కాడ్నే ఆగుతది."

"మరి ఎప్పుడు మాట్లాడుకుంటరు సారూ?"

"గది ఢిల్లీల పెద్దోల్లకు ఎరుక."

శారమ్మ ఇంటికొచ్చి, తెల్లారి చెరుకుల కలుపు తీసేటందుకు పోయింది. గా కూలీలల్లనే లింబయ్య పెండ్లాం సాయవ్వ గూడ ఉండేది. మొదట్ల ఇద్దరు చెరొక దిక్కు వంగేటోల్లు. ఒక ఎండకాలం సాయవ్వ సాళ్లల్ల సొమ్మసిల్లి పడ్డది. దగ్గర ఉన్నది శారమ్మనే. తన ముంతల నీళ్లు మొఖం మీద కొట్టి, నీడకు తీస్కపోయి కూసోబెట్టింది. అటెన్క ఇద్దరి సాళ్లు పక్కపక్కనే నడిసినయి.

ఒకపారి సాయవ్వ తల ఎత్తకుండ అడిగింది. "అక్కా, ఠాణాల ఏమన్న ఎరుకయ్యిందా?"

"ఒడంబడిక కాలేదంట."

సాయవ్వ తలూపి కలుపు పీకింది. ఒకామెకు వాడు బేడీలతోని రావాలె, ఇంకొకామెకు ఎట్లనన్న రావాలె. ఎదురుసూపు మాత్రం ఒక్క మనిషి కోసమే.

అరవై ఒకటి ఆఖర్ల మన ఫౌజు గోవాల జొచ్చింది. పోర్చుగీసోల్ల జెండా దిగింది. బోధన్ల రేడియో ఉన్న హోటల్ కాడ పాల పేడాలు పంచిండ్రు. శారమ్మ చేతిల గూడ ఒకటి పెట్టిండ్రు. తిన్నది. తియ్యగున్నది. జమేదారు కబురు పంపిండు, ఇగ ఏ ఒడంబడికా అక్కర్లేదని.

ఎండకాలానికి లింబయ్యను నిజామాబాద్ తెచ్చిండ్రు. శారమ్మా, సాయవ్వా ఒక్క బస్సులనే కోర్టు కచేరికి పోయిండ్రు. లింబయ్య బక్కగయ్యిండు, నెత్తి నెరిసింది. సర్కారు వకీలు శారమ్మను "లింబయ్య అంటే ఈయననేనా?" అని అడిగిండు. గిన్నేండ్ల సంది ఏమేం అనాలెనో శారమ్మ మనసుల పేర్చిపెట్టుకున్నది. అండ్ల ఒక్క ముక్క గూడ రాలేదు.

"ఈయననే" అన్నది.

బయట పోలీసుల నడుమ లింబయ్యను ఆపినప్పుడు సాయవ్వ దగ్గరికి పోయింది. "తిన్నవా?" అన్నది. "తిన్న" అన్నడు. ఆల్లు మాట్లాడుకున్నది గదే.

కేసు నడిసి జన్మఖైదు పడ్డది. తీర్పు విని వచ్చేటప్పుడు బస్సుల సాయవ్వ అడిగింది. "అక్కా, నీ పానం సల్లబడ్డదా?"

శారమ్మ కిటికీల నుంచి చెరుకు తోటల దిక్కు సూసింది.

"ఏమో సాయవ్వా. నాకేం తెలుస్తలేదు."

మరుసటేడు వానకాలం రాకముందే సాయవ్వ మోస్రా ఊర్ల తల్లిగారింటికి పోయింది. శారమ్మ కలుపుకు పోవుడు మానలేదు. బిడ్డ పెండ్లి చేసింది, మనుమలను ఎత్తుకున్నది. ఆదివారం గుడిల ఎనుకకు కూసునేది, పాట మాత్రం పాడకపోయేది.

డెబ్బయి ఆరులో మోస్రా దిక్కుకెల్లి వచ్చిన కూలామె, లింబయ్య జైలుకెల్లి ఇడుదలై ఇంటికొచ్చిండని చెప్పింది. చెప్పి, శారమ్మ మొఖం దిక్కు భయంగ సూసింది.

"సాయవ్వ ఎట్లున్నది?" అని అడిగింది శారమ్మ.

"కండ్లు సరిగ్గ కనవడ్తలేవట."

"అయ్యో" అన్నది శారమ్మ. కొంగు నడుముకు దోపుకొని సాలుల వంగింది.