వడ్లు ఆరబోసిన గ్రౌండు

లీగ్ షెడ్యూలు వచ్చిన సాయంత్రం మేమిద్దరం గ్రౌండు మెట్ల మీదే కూర్చుని ఉన్నాం. ఇద్దరమంటే నేనూ, మా నంద్యాల ఫుట్‌బాల్ క్లబ్బు కార్యదర్శీ. ఆయన మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఊర్లో సగం మందికి ఆయన సార్. నాకూ సారే. షెడ్యూలు ఆయన ఫోనుకు వచ్చింది. కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయి వచ్చాడు కాబట్టి ఫోను నా చేతికిచ్చి, "సదువప్పా" అన్నాడు.

చదివాను. మొదటి మ్యాచ్ బయట ఊర్లో. అది మామూలే. రెండోది మా హోమ్ మ్యాచ్, ఆదివారం సాయంత్రం. కానీ వేదిక అన్నచోట మా గ్రౌండు పేరు లేదు. సముద్రం ఒడ్డున ఉన్న ఒక నగరం పేరుంది. రాత్రంతా బస్సులో కూర్చుంటే తెల్లారి చేరే ఊరు అది. వేలితో తెరను పైకి జరిపి తర్వాతి హోమ్ మ్యాచ్ చూశాను. అదీ అక్కడే. సీజన్ చివరి దాకా చూశాను.

"ఏందప్పా, గమ్మునైతివి?"

"సార్, హోమ్ మ్యాచ్‌లన్నీ యాడో ఏసినారు. మన గ్రౌండు ఒక్కదాంట్లో కూడా ల్యాదు."

"అచ్చుతప్పేమో సూడు. మీ పేపరోళ్లకు అలవాటే గదా."

ముప్పై ఏళ్లు పేపర్లో పనిచేసినవాణ్ణి. అచ్చుతప్పు ఒక వరుసలో పడుతుంది. అన్ని వరుసల్లోనూ ఒకే తప్పు పడదు. ఫోను తిరిగి ఇచ్చేశాను. ఆయన దాన్ని చూడకుండానే జేబులో పెట్టుకుని గ్రౌండు వైపు చూశాడు. మా ముందు, ఆ గోలు నుంచి ఈ గోలు దాకా, వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఇద్దరు ఆడమనుషులు కాళ్లతో చాళ్లు తీస్తూ వాటిని తిరగేస్తున్నారు.

ఆ వడ్ల సంగతి చెప్పాలి. జరిగిందంతా అక్కడే ఉంది.

మా గ్రౌండు ఎప్పటిదో సరిగ్గా చెప్పగలిగినవాళ్లు ఇప్పుడెవరూ లేరు. దొరలు మిషన్ కాంపౌండు కట్టినప్పుడు పక్కన ఖాళీగా వదిలిన నేల అంటారు. రైల్వే వాళ్లు ఆడారు, మిషన్ స్కూలు పిల్లలు ఆడారు, తర్వాత ఊరంతా ఆడింది. గ్యాలరీ అంటే ఒక పక్కన నాపబండల మెట్లు, అంతే. పగలంతా ఎండకు కాగి సాయంత్రం కూడా చురుక్కుమంటాయి. అందుకని జనం పేపరు పరుచుకుని కూర్చుంటారు. నేను రాసిన మ్యాచ్ రిపోర్టుల మీద కూర్చుని మ్యాచ్ చూసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. చదివినవాళ్లు అంతమంది లేరు.

ఈమధ్య రాష్ట్రంలో డబ్బిచ్చి ఆడించే లీగ్ మొదలైంది. మా క్లబ్బుకూ అందులో చోటు దొరికింది. మ్యాచ్‌కు ఇంతని ఆటగాళ్లకు ముడుతుంది. దానితో బతకలేరు. అందరికీ పగలు వేరే పనులున్నాయి.

నేల రేగడిది. వానకు జిగురు, ఎండకు నెర్రెలు. క్లబ్బుకు మాలి లేడు, రోలరు లేదు. గ్రౌండును బాగుచేసేది చుట్టుపక్కల రైతులు. వరికోతలు కాగానే వాళ్లు ఒడ్లు తెచ్చి ఇక్కడ ఆరబోస్తారు. రోడ్డు మీద పోస్తే బండ్లు జారిపడతాయి, ఊరి చుట్టూ కల్లాలన్నీ ప్లాట్లయిపోయాయి. ఒడ్లు ఎండి మూటలకెక్కాక నేల చదునయ్యేలా ట్రాక్టరుతో గుంటక తోలతారు, నెర్రెలు పూడుస్తారు, ట్యాంకరుతో నీళ్లు చల్లి రోలరు లాగుతారు. ఎవరూ ఎవరికీ రాసిచ్చింది లేదు. సీజన్ ఎప్పుడూ ఆ రోలరు తర్వాతే మొదలవుతుంది. మ్యాచ్‌నాడు ఆ రైతులు పైమెట్టు మీద కూర్చుంటారు. ఆ మెట్టు వాళ్లదని అందరికీ తెలుసు.

ఈ ఏడాది లీగ్ వాళ్లు ప్రతి గ్రౌండునూ మనిషిని పంపి తనిఖీ చేయిస్తామన్నారు. వచ్చే రోజు కూడా ముందే చెప్పారు. ఆ రోజుకు ఒడ్లు తీయించమని సార్ రైతులకు ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆయన దానికి సరిగ్గా ఎదురు పని చేశాడు. ఆ దినం అందరూ రావాలని, ఒడ్లు నిండుగా పోయాలని కబురంపాడు.

"వచ్చే ఆయప్పకు గ్రౌండును ఊరెట్ల సూసుకుంటాదో తెలియల్ల గదా" అన్నాడు నాతో. "వేరే ఊర్లల్ల మునిసిపాలిటీ సూసుకుంటాది. ఈడ మనుషులు సూసుకుంటారు. అది కండ్లారా సూడనీ."

వచ్చిన తనిఖీ మనిషి చిన్నవాడు, మర్యాదస్తుడు. టేపు తెచ్చుకున్నాడు. గోలుస్తంభాలు కొలిచాడు, మెట్లు చూశాడు. మేం పెట్టిన ఉగ్గాని బజ్జీ కడుపునిండా తిన్నాడు. ఊరి అంచున పొలమున్న పెద్ద రైతు ఒకాయన దోసెడు ఒడ్లు అతని చేతుల్లో పోసి, "సోనా ఒడ్లప్పా ఇవి. పోయేటప్పుడు బియ్యం మూట ఇస్తా, తీస్కపో" అన్నాడు. సార్ ఒడ్ల మధ్యలో నిలబడి ఫోటో దిగాడు. ఎప్పుడూ నవ్వని మనిషి ఆ ఫోటోలో నవ్వాడు.

ఆ అబ్బాయి మొదట్లో చాలా అడిగాడు. నీళ్లు ఎక్కడ్నుంచి వస్తాయి, అంబులెన్సు ఎటునుంచి రావాలి, లైట్లు ఉన్నాయా. ఒడ్లు చూశాక అడగడం ఆపేసి ఫోటోలు మాత్రం తీసుకున్నాడు. ప్రశ్నలు ఆపేసిన విలేకరి తన వార్త అప్పటికే రాసేసుకున్నాడని మా వృత్తిలో అందరికీ తెలుసు. ఆ పూట అది నాకు తట్టలేదు. ఉగ్గాని బాగుండింది.

షెడ్యూలు వచ్చిన మర్నాడు సార్ లీగ్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టాడు కాబట్టి నేనూ విన్నాను.

"గ్రౌండును వ్యవసాయ పనులకు వాడుతున్నట్టు ఫోటోలున్నాయండీ. ఆటకు మాత్రమే వాడే గ్రౌండు కావాలి మాకు."

"నాయనా, ఆ ఒడ్లు తీసినాకనే గదా గ్రౌండు తయారయ్యేది. ఆ రైతులే..."

"అర్థమైంది సార్."

"వాళ్లు రాకపోతే నెర్రెలు ఎవరు పూడ్సల్ల?"

"అర్థమైంది సార్. కానీ షెడ్యూలు టీవీ వాళ్లకు కూడా వెళ్లిపోయింది. ఈ ఏడాదికి ఏమీ చేయలేం. వచ్చే ఏడాది మళ్లీ చూస్తారు."

అతని గొంతులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. వచ్చే ఏడాది ఏ నెలలో చూస్తారని సార్ అడిగాడు. ఇదే నెలలో అన్నాడు. మళ్లీ కోతల కాలమే.

నేను కూడా పాత పరిచయాలు వెతికాను. పేపర్లో ఉన్నప్పుడు నా ఫోను ఎత్తినవాళ్లు ఇప్పుడూ ఎత్తారు. క్షేమం అడిగారు. అంతకుమించి వాళ్ల చేతిలో ఏమీ లేదు, నా చేతిలోనూ లేదు.

మిగిలిన ఆటగాళ్లకు ఇది ప్రయాసే, కాదనను. కానీ సార్‌కు ముందు గుర్తొచ్చింది గోల్‌కీపర్. "ఆళ్లగడ్డకు పోదాం పా" అన్నాడు. ఇద్దరం బస్సెక్కాం.

కీపర్‌ది ఆళ్లగడ్డలో రాయి చెక్కే ఇల్లు. అన్నాతమ్ముళ్లిద్దరే పని చేస్తారు. రోడ్డు పక్కనే రేకుల షెడ్డు, ముందర సగం చెక్కిన దేవుళ్లు. పొద్దున ఉలి పడతాడు, మధ్యాహ్నం బస్సెక్కి నంద్యాల వచ్చి ప్రాక్టీసు చేస్తాడు, రాత్రికి ఇల్లు చేరతాడు. వయసు ముప్పై దాటి చాలా కాలమైంది. ఈ సీజనూ, అదృష్టముంటే ఇంకొకటీ అని అతనే అంటుంటాడు. హోమ్ మ్యాచ్‌లు నంద్యాలలో ఉంటేనే అతనికి ఆటా పనీ రెండూ సాగుతాయి.

మమ్మల్ని చూసి వాళ్లన్న రాయి కోసే మిషను ఆపాడు. ఒళ్లంతా తెల్లటి దుమ్ము.

"ఏం సార్, ఒడ్లు బాగా ఎండినాయా?"

సార్ నవ్వలేదు. కీపర్ లోపలినుంచి వచ్చి అన్నను కసిరాడు. "నీ పని నువ్వు సూసుకో పో. కూసోండి సార్." నా వైపు తిరిగి, "అన్నా, నువ్వు ఈ పక్కకు రా, ఆడ దుమ్ము."

షెడ్డు మధ్యలో ఒక నంది ఉంది. మూపురం నున్నగా తేలింది, మెడలో గంటల పట్టీ కూడా అయిపోయింది. చాగలమర్రి పక్క పల్లెలో కొత్తగా కట్టిన శివాలయానికట. ప్రతిష్ఠ ఆదివారం పొద్దున. ఏ ఆదివారమో అడగక్కర్లేకపోయింది. మా మొదటి హోమ్ మ్యాచ్ రోజే.

"పొద్దున ప్రతిష్ఠ సూసుకొని బస్సెక్కితే మూడుకంతా నంద్యాల్లో ఉందుననుకుంటి" అన్నాడు కీపర్. "అందుకే ఒప్పుకున్యా."

"నందిని మీ అన్న తీస్కపోడా?" అన్నాడు సార్.

"తీస్కపోతాడు. కండ్లు ఎవరు తెరవల్ల?"

నాకు తెలియక అడిగితే చెప్పాడు. విగ్రహానికి కళ్లు షెడ్డులో పూర్తిచేయరు. గుడిలో నిలబెట్టాక, ముహూర్తానికి, చెక్కినవాడే చివరి ఉలిదెబ్బ వేసి కళ్లు తెరవాలి. వేరే చెయ్యి తగలకూడదు. అన్న చెయ్యి కూడా.

"ఈ ఒక్క ఆదివారమైతే ఏదో చేద్దుము" అన్నాడు వాళ్లన్న అటునుంచి. "అన్ని మ్యాచ్‌లూ ఆడనే అంట గదా. శుక్రవారం పోయి సోమవారం వస్తే ఈడ ఉలి నేను రెండు చేతుల్తో రెండు పట్టల్లనా?"

"ఆ మ్యాచ్‌కు రాకుంటే కోచ్ ఏమంటాండాడు?" కీపర్ నన్నడిగాడు.

కోచ్ అన్నది నాకు తెలుసు. చెప్పాను. "రెండో కీపర్ని నిలబెడతాడంట. నిలబెట్టినాక సీజన్ మధ్యలో మార్చడంట."

"ఒగ సీజను కూసుంటే నన్ను మళ్లీ ఎవరు పిలుస్తారన్నా, ఈ వయసులో." నంది వీపు మీద చెయ్యి వేసి దుమ్ము తుడిచాడు. "యాగంటి బసవన్న మాదిరి ఇదీ తనంతట తానే పెరిగి, తనంతట తానే కండ్లు తెరుస్తే నేను ఎప్పుడో బస్సెక్కుందును."

అన్న నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వు అయిపోయాక కీపర్ మెల్లగా అన్నాడు.

"సార్, ఒగ మాట అడుగుతా, ఏమనుకోవద్దండి. ఆ పొద్దు ఒడ్లు తీపిచ్చింటే?"

"తీపిచ్చింటే రోలరు ఎవరు లాగుతుండ్రి?"

"ఒగ దినం సార్. ఒగ దినం ఆగమంటే వాళ్లు ఆగకపోదురా?"

సార్ లేచి నంది ముందుకు పోయి నిలబడ్డాడు. ముఖమంతా చెక్కి ఉంది. కళ్లున్నచోట మాత్రం రాయి ఉబ్బెత్తుగా అట్లాగే ఉంది. "బాగా సేసినావు" అన్నాడు. తిరుగు బస్సులో నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. అటూ ఇటూ కోసిన పొలాలే.

సంగతి రైతులకు తెలిసింది. మేమెవరం చెప్పలేదు. పెద్ద రైతు ఇంకా పూర్తిగా ఆరని ఒడ్లు మూటలకెత్తించాడు. మిగిలినవాళ్లు కూడా ఎత్తారు. గుంటక రెండుసార్లు తోలారు. రోలరు ఎప్పుడూ లాగనంత లాగారు. ఈసారి సున్నం కూడా వాళ్లే తెచ్చి గీతలు గీయించారు. నా ఎరుకలో గ్రౌండు ఇంత బాగా ఎప్పుడూ లేదు.

"ఇప్పుడొచ్చి సూస్తే?" అన్నాడు పెద్ద రైతు నాతో. "ఆ పిల్లోడికి ఫోన్ చేసి సూడప్పా. ఉగ్గాని తిన్యాడు గదా మన చేత."

"వాళ్లు మళ్లీ వచ్చే ఏడు వస్తారంట."

"ఎప్పుడు?"

"ఇదే నెల."

ఆయన నన్ను చూశాడు, గ్రౌండును చూశాడు. అప్పుడు ఒడ్లు యాడ పోసుకోవల్లని నన్ను అడగలేదు. సార్ కూడా ఆ మాట ఇంతవరకూ వాళ్లతో ఎత్తలేదు.

బయట ఊర్లో మొదటి మ్యాచ్ డ్రా అయింది. కీపర్ పెనాల్టీ ఒకటి ఆపాడు. ఇప్పుడు సాయంత్రాలు జనం ఎప్పటిలాగే పేపర్లు పరుచుకుని మెట్ల మీద కూర్చుని ప్రాక్టీసు చూస్తున్నారు. పైమెట్టు నిండుతోంది.

నేనిది రాస్తున్నది గురువారం. ఈ సాయంత్రం కూడా కీపర్ వచ్చాడు. వెలుతురు పోయేదాకా గోలులో నిలబడ్డాడు. కొళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే సార్ వెళ్లి పక్కన నిలబడ్డాడు. రేపటి సంగతి అడుగుతాడనుకున్నాను. "బస్సుకు ఆలస్యమైతాది, పో" అన్నాడు. అతను ఆళ్లగడ్డ బస్సెక్కాడు.

రేపు చీకటి పడుతుండగా టీము బస్సు గ్రౌండు గేటు ముందు నుంచి బయల్దేరుతుంది. ముందు సీటు కీపర్‌కు ఉంచమని సార్ డ్రైవరుకు చెప్పాడు. చాగలమర్రి పక్క పల్లెలో ముహూర్తం మారలేదు. వచ్చేదీ రానిదీ అతను ఇంకా చెప్పలేదు.