మా ఇంట్లో తప్ప ఆడని డిస్క్

మా ఆయన పోయాక ఆయన గొంతు మిగిలింది ఒక్క డిస్కులోనే. ప్రతి పెళ్లిరోజుకీ ఆయనే దాంట్లో కొత్త వీడియో చేర్చేవారు. ఒక్కదాన్నే చూడలేక, ఈ రోజు ఫెరార్‌గంజ్‌లో చెల్లెలింటికి పట్టుకెళ్లాను. వాళ్ల ప్లేయర్‌లో ఆడలేదు. తిరిగొస్తూ రిపేరు షాపులో చూపించాను.

"ఖరాబ్ అవ్వలేదు దీదీ. రికార్డు చేసిన మెషిన్‌లోనే ఫైనలైజ్ కొట్టండి, ఎక్కడైనా ఆడతాది. ఉస్కే బాద్ ఇంక దాంట్లో కొత్తగా ఏదీ ఎక్కదు, ఠీక్ హై?" అన్నాడు షాపతను.

"ఇంకేం ఎక్కిస్తాను భయ్యా," అన్నాను.

ఇంటికొచ్చి, ఆయన రికార్డు చేసిన మెషిన్‌లోనే డిస్కు పెట్టి రిమోట్ పట్టుకున్నాను. ఫైనలైజ్ నొక్కితే, నిజంగా ముగించాలా అని తెర మీద అడిగింది. మీరైతే నొక్కేవారేమో, నావల్ల కాలేదు. చెల్లికి ఫోన్ చేసి, "అది అక్కడికి రాదంట, నువ్వే రావే," అన్నాను. మా ఆయనా అంతే, మా ఇంట్లో తప్ప ఎక్కడా నోరు విప్పేవారు కాదు.