బొగ్గుల బూడిద

టీ బండి పక్కన తడిసిన బొగ్గుల బూడిద వాసన తగిలితే, ఇప్పటికీ నాకు మా నాయనమ్మ మీద ఒళ్లు మండుతుంది.

నా చిన్నప్పుడు ఒక ఏడు తొలకరికి ముందు, ఊరొదిలి మేం వలసొచ్చిన బిర్సానగర్‌లో మా పెరట్లో ఆవిడ వంగనారు పోసింది. లేత ఆకులకు పేనుబంక పట్టగానే రాక్షసిబొగ్గు పొయ్యిలోని బూడిద చాటలో తెచ్చి చల్లబోయింది. పక్కింటి సావిత్రత్త గోడ మీంచి చూసి, "పిన్నీ, ఊర్లో సల్లేది కట్టెల బూడిద. ఇది బొగ్గుది, నారు మాడిపోద్ది," అంది.

"నాకు సెప్పొచ్చినావేటి," అని నాయనమ్మ చాటంతా కుమ్మరించింది.

మూడో రోజుకి నారు మాడిపోయింది.

"ముందే అనేసింది కదా, మాడిపోద్దని. దాని నోరే తగిలింది," అంది నాయనమ్మ.

నేను నమ్మాను. గోడ దూకి సావిత్రత్త పోసుకున్న నారంతా పీకేశాను. ఆవిడ నన్ను కొట్టలేదు. "ఎవులు సెప్పినారే నీకు?" అని అడిగింది. నేను నాయనమ్మ వైపు చూశాను.

"నన్ను సూస్తావేటి," అని నాయనమ్మ లోపలికి పోయింది.

మరుసటి ఏడు నారుకు మళ్లీ పేనుబంక పట్టింది. నాయనమ్మ బూడిద జోలికే పోలేదు. వేపాకు కాచిన నీళ్లు చల్లింది. సావిత్రత్తతో మాత్రం మాట్లాడొద్దంది. నేను మాట్లాడలేదు.