అత్తమ్మే ముందు తినేది

అత్తమ్మ పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను కోరుట్లలో మా షాపులో ఒక నీళ్ల మోటారు విప్పి కూర్చున్నాను. ఫోను సిరిసిల్ల నుంచి, మామయ్య చేశాడు. ఆ ఇంట్లోంచి ఎవరు మాట్లాడినా వెనక మరమగ్గాల చప్పుడు వినిపించాల్సిందే. అక్కడ వాటిని సాంచాలంటారు. ఆ రోజు ఆ చప్పుడు లేదు. మామయ్య నోరు తెరవకముందే నాకు సంగతి తెలిసిపోయింది. "అల్లుడా, మీ అత్తమ్మ ఇగ లేదు. బిడ్డకు నువ్వే మెల్లగ చెప్పు," అన్నాడు. చేతులకున్న గ్రీజు కూడా తుడుచుకోకుండా, నా భార్యకు ఆ మాట చెప్పడానికి ఇంటికి నడిచాను.

మోటార్లకు వైండింగ్ చేసి బతికేవాణ్ణి, రాయడం నా పని కాదు. కానీ దినాలకు వచ్చిన చుట్టాలంతా "పాపం, మెత్తటి మనిషి, ఎవ్వలనూ ఒక్క మాట అనకపోవు" అంటుంటే నాకు ఒళ్లు మండింది. అత్తమ్మ అందరినీ అనేది. మొహం మీదే అనేది. ఒక పని పట్టుకుందంటే అది అయ్యేదాకా మనల్ని నిద్రపోనిచ్చేది కాదు. అలాంటి మనిషిని మెత్తగా చేసి సాగనంపడం నాకు నచ్చలేదు. ఉన్నదున్నట్టు నాలుగు ముక్కలు చెబుదామనే ఇది రాస్తున్నాను.

ఆమె చిన్నప్పటి నుంచీ సాంచాల పక్కన కూర్చుని దారపు కండెలు చుట్టింది. ఆ రొదలో మాట వినబడాలంటే అరవాలి. ఆ అలవాటు బస్సెక్కినా పోలేదు, పెళ్లికి పోయినా పోలేదు. మా అమ్మ ఆమెను మొదటిసారి కలిసినప్పుడు నా చెవిలో, "గామె నన్నెందుకు తిడుతున్నదిరా?" అని అడిగింది. అత్తమ్మ అప్పుడు అడుగుతున్నది చాయలో చక్కెర ఎంత వేయాలని.

మాది సారంగాపూర్ దగ్గర పల్లె. నాన్న ఉన్నన్నాళ్లూ కల్లు గీశాడు. వాళ్లది నేతపని ఇల్లు. మేమిద్దరం ఇష్టపడి పెళ్లి చేసుకుంటే రెండిళ్లలోనూ మూతులు ముడుచుకున్నారు. ఏడాది గడిచాక అత్తమ్మే ముందుకొచ్చి, ఒక వానాకాలం అమ్మను, నన్ను సిరిసిల్లకు భోజనానికి పిలిచింది.

మేం వచ్చేముందు, అప్పటికే పుట్టింటికి చేరిన బిడ్డను కూర్చోబెట్టి ఆరా తీసిందట, మా ఇంట్లో వానలప్పుడు ఏం వండుకుంటారని. పుట్టగొడుగుల్ని మా దిక్కు పుట్టకొక్కులంటారు. మటన్‌లో ఆ కొక్కులు వేసి, పులుసు చిక్కబడేదాకా ఉడికించి, మక్క గటకతో, అంటే మొక్కజొన్న రవ్వ సంకటితో తింటాం. నేతవాళ్ల ఇంట్లో ఆ కూర ఎన్నడూ వండలేదు. ఇంకొకరైతే ఒక కోడిని కోసి చేతులు దులుపుకునేవారు. అత్తమ్మ మాత్రం, "వదినె ఇంటి కూర వదినెకు పెడితెనే మర్యాద," అని పట్టుబట్టింది. బజారులో కొక్కులు దొరకలేదు. గంప పట్టుకుని తనే బయలుదేరి, దారానికి గంజి పట్టించే సైజింగ్ షెడ్డు వెనక గడ్డిలో తెల్లగా విచ్చుకున్నవాటిని ఏరుకొచ్చింది. అవి తినదగ్గవో కావో ఆమెకు తెలియదు. తెల్లగా, బాగా ఉన్నాయి కదా అనుకుంది.

కూర రుచికి వంక పెట్టలేం. అమ్మకు కొక్కులంటే ప్రాణం కాబట్టి ముక్కలు పక్కకు నెట్టి అవే తిన్నది. నేను మటన్ మీద పడ్డాను. నా భార్యకు, మామయ్యకు కొక్కుల వాసన పడదు. అత్తమ్మ, మా ఇళ్లలో ఆడవాళ్లందరిలాగే, అందరికీ వడ్డించి చివర్న కూర్చుంది. అప్పటికి కూర వండిన గంజులో ఏమీ మిగల్లేదు. పచ్చడి కలుపుకుని తిని లేచింది.

జగిత్యాల చేరకముందే బస్సులో అమ్మకు వాంతులు పట్టుకున్నాయి. నాకూ కడుపులో తిప్పింది గాని తట్టుకున్నాను. అమ్మను అటునుంచి అటే ఆస్పత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించారు. డాక్టరు ఏం తిన్నారో అడిగి, కొక్కుల వల్లేనన్నాడు. అమ్మ బతికి బయటపడింది గాని మనిషి సగమైంది.

ఇక మాటలు మొదలయ్యాయి. "వండినామెకు ఏం గాలేదట," అని ఒకరు. "ఎందుకైతది? ఆమె ముట్టనే లేదట," అని ఇంకొకరు. "ఇష్టం లేని పెండ్లి గద," అని మూడో మనిషి నిట్టూర్పు. ఆడది అందరికంటే చివర తినాలన్నదీ వీళ్లే, చివర తిన్నందుకు అనుమానపడిందీ వీళ్లే. ఆ తలకాయల్లో ఏముంటుందో నాకిప్పటికీ అర్థం కాదు.

మామయ్య తరఫు చుట్టాలు ఒక సులువు దారి చూపించారు. మటన్ పాడైందని చెప్పి, నెపం మాంసం కొట్టిన కటికాయన మీదికి తోసేయమన్నారు. అత్తమ్మ ఆస్పత్రి వరండాలో నిలబడి, ఆ సాంచాల గొంతుతోనే, "కటికాయన ఏం జేసిండు? కొక్కులు ఏరుకచ్చింది నేను. వండింది నేను. తప్పు నాది," అంది. వార్డులో ఉన్న రోగులంతా విన్నారు. అమ్మ కూడా విని గోడవైపు తిరిగి పడుకుంది. ఇంటికొచ్చాక నాతో ఒకే మాట చెప్పింది: "కోడలు నా కోడలే. గామె చేతి కూర మాత్రం నా నోట్ల పెట్ట."

ఈ ఇద్దరి మధ్యా నలిగింది నా భార్య. మా అమ్మ ముందు పుట్టింటి మాట ఎత్తలేదు, తల్లి ముందు మా అమ్మ మాట ఎత్తలేదు. అత్తమ్మకు అది కనబడుతూనే ఉంది. ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, "మీ అమ్మ నా చేతి కూర తినాలె, అల్లుడా. నేను పోయేలోపల తినాలె. ఎట్ల తినిపించాలెనో నేను జూసుకుంట. నువ్వు నడుమ రాకు," అంది. కూర కోసం ఇంత పంతమా అని నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

మరుసటి వానాకాలం చేతిసంచితో సారంగాపూర్‌లో బస్సు దిగింది. నేను ఆ రోజు ఊళ్లోనే ఉన్నాను. అమ్మ కొక్కుల కోసం కర్ర పట్టుకుని చెలక దిక్కు, అంటే మెట్ట చేను వైపు బయలుదేరుతోంది. "వదినె, నిన్ను తినుమనుటానికి రాలే. ఏ కొక్కులు మంచియో, ఏవి కాదో నాకు తెల్వది. నువ్వే చూపియ్యాలె," అంది అత్తమ్మ. అమ్మ కర్ర ఊపుకుంటూ ముందుకు నడిచింది. అత్తమ్మ వెనకే నడిచింది. చెలకంతా తిరిగి, మళ్లీ ఇంటికొచ్చేదాకా అమ్మ నోరు విప్పలేదు. అత్తమ్మ మంచినీళ్లు తాగి, "మళ్ల అస్త వదినె," అని బస్సెక్కింది.

చెప్పినట్టే మళ్లీ వచ్చింది. ఆ వానలన్నీ వస్తూనే ఉంది. సిరిసిల్లలో కండెలు చుట్టే పని వదిలి, జగిత్యాలలో బస్సు మారి, బురదలో అమ్మ అడుగుల వెనక నడిచి వెళ్లేది. చివరికి ఒక రోజు అమ్మ ఒక పుట్ట దగ్గర ఆగి, కర్రతో మట్టి కదిపి, "గిది జూడు," అంది. అత్తమ్మ చీర బురదవుతుందని కూడా చూడకుండా అక్కడే కూర్చుంది. "మంచిదాని వేరు పుట్ట లోపటికి దిగుతది. నువ్వు తెచ్చినయి పైపైన మొలిచినయి," అంది అమ్మ.

"గంతేనా, వదినె?"

"గంతే గాదు. పట్టి జూడాలె, వాసన జూడాలె. జర అనుమానమచ్చినా పారెయ్యాలె."

అమ్మ ఆమెతో అన్ని మాటలు మాట్లాడటం ఆస్పత్రి తర్వాత అదే మొదలు. ఇది చదివి మీరెవరూ గంప పట్టుకుని బయలుదేరకండి. పక్కన తెలిసిన మనిషి ఉండగా కూడా అత్తమ్మకు ఆ కన్ను కుదరడానికి ఎన్నో వానాకాలాలు పట్టాయి. కుదిరాక మాత్రం మా అమ్మనే మించిపోయింది. గంపలో సగం పారేసేది. "ఇవి మంచియే గదమ్మా," అని బిడ్డ అడ్డుపడితే, "మంచియే కావచ్చు. నాకు నమ్మకం లేదు," అని విసిరేసేది.

ఆస్పత్రి తర్వాత మొదటిసారి ఆ కూర మా కోరుట్ల ఇంట్లో వండింది. అమ్మ అప్పుడు మా దగ్గరే ఉంది. కుక్కర్ తీయబోతే వద్దంది. "కుక్కర్ ఈల ఏస్తది గని లోపల కూర ఎట్లున్నదో చెప్పదు." గంజులోనే ఉల్లిగడ్డ ఎర్రబడేదాకా వేయించి, పసుపు, కారం, అల్లం ఎల్లిపాయతో బొక్కల ముక్కలు, అంటే ఎముకతో ఉన్న మటన్ కలిపి, సన్నటి మంట మీద మూత పెట్టింది. ఎండుకొబ్బరి, గసాలు వేయించి నూరి పోసింది. ముక్క బొక్కను విడిచే వేళకు గాని కొక్కుల్ని ముట్టలేదు. వాటికి కత్తి పెట్టనివ్వదు, వేళ్లతోనే చీరాలి. అవి వేశాక ఒక్క చుక్క నీళ్లు పోయలేదు. కొక్కులే నీరు వదులుతాయి, ఆ నీరు మళ్లీ కూరలోకే ఇంకాలి. వీధి మలుపుదాకా వాసన కొట్టింది.

ఇక వడ్డిస్తుందని అందరం కూర్చున్నాం. అత్తమ్మ ఒక పళ్ళెంలో గటక ముద్ద, దాని పక్కన నిండుగా కూర పెట్టుకుని, హాలు నడిమధ్య కూర్చుని తినడం మొదలుపెట్టింది. నా భార్య బుగ్గలు నొక్కుకుంది. "అమ్మా, అల్లుడు తినకముందే?"

"అల్లుడు ఆగుతడు. ముందుగాల నేను తింట. పొద్దూకేదాక గిక్కన్నే కూసుంట. నాకేం గాకపోతే మీరు తినుండ్రి."

మా అమ్మ కళ్ల ఎదురుగా పళ్ళెం ఊడ్చినట్టు తిని, చేయి కడుక్కుని వచ్చి అక్కడే గోడకానుకుని కూర్చుంది. ఆకలితో మా కడుపులు కాలుతున్నాయి, ఆమె మాత్రం పండక్కొచ్చినట్టు కబుర్లు చెబుతోంది. సాయంత్రం కూర వేడి చేసి నేను తిన్నాను. అమ్మ పప్పుతో సరిపెట్టుకుంది. అత్తమ్మ మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. "మళ్ల వానలు పడయా?" అని మాత్రం అంది.

అప్పటినుంచి ఆమె వండిన ఏ కూరైనా ఆమే ముందు తినేది, పెళ్లిళ్లకు వెళ్లి చేయి వేసినా సరే. "సిరిసిల్లామె అప్పుడే కూసున్నది," అని చుట్టాలు నవ్వితే, "వండుడే నా వంతు, తినుడు గాదా?" అని ఇంకో ముద్ద కలిపేది. అలా చూసి చూసి మా ఇంట్లో కూడా నా భార్య చివర తినడం మానేసింది. ఇప్పుడు అమ్మ, తను, నేను ముగ్గురం కలిసే కూర్చుంటాం. ఆ సంగతి అత్తమ్మ అనుకుని చేసిందో లేదో తెలియదు గాని, అందుకు నేను ఆమెకు రుణపడి ఉన్నాను.

వానాకాలాలు గడిచాయి. ఇద్దరూ కలిసి చెలకలకు పోయేవాళ్లు, బస్సులో పక్కపక్కనే కూర్చునేవాళ్లు, కోడలి మీద, నా మీద చాడీలు చెప్పుకునేవాళ్లు. కానీ కూర దగ్గర అమ్మ చేయి ఆగిపోయేది. "తినాలనే ఉంటదిరా. నోటిదాకా అచ్చేసరికి ఆస్పత్రి యాదికస్తది," అని నాతో చెప్పుకుంది. అత్తమ్మ ఒక్కసారి కూడా బతిమాలలేదు. వండేది, ముందు తినేది, ఊరికి పోయేది.

తర్వాత ఆమెకు కిడ్నీలు పాడయ్యాయి. డాక్టరు మాంసం మానిపించాడు, ఉప్పు మానిపించాడు, నీళ్లు కూడా కొలిచి తాగమన్నాడు. కాళ్లకు నీరు పట్టింది. ఆమె ఆఖరి వానాకాలంలో ఒకరోజు ఫోను చేసి, "వదినెను తోల్కరా," అంది. అమ్మను, నా భార్యను తీసుకుని సిరిసిల్ల వెళ్లాను.

వెళ్లేసరికి వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఉంది. పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ల దగ్గర కొన్న కొక్కుల్ని ముందు పరుచుకుని ఒక్కొక్కటి తిప్పి చూసి, వాసన చూసి, సగానికి పైగా పక్కకు తోసేసింది. సాయం చేయబోయిన బిడ్డను "నువ్వు జరుగు" అని పంపేసింది. ఆయాసం వస్తే గంటె పట్టుకునే ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ కలిపింది. అమ్మ గడపలో నిలబడి అంతా చూసింది.

గటక, కూర హాల్లోకి వచ్చాయి. అత్తమ్మ మా అమ్మకు ఎదురుగా కూర్చుంది.

"వదినె, ఈపాలి నేను ముందు తినరాదు. డాక్టరు అద్దన్నడు. నువ్వు తినకున్నా నేనేమనుకోను. వండబుద్ధయింది, వండిన."

ఆమె బదులు నేను ముందు తిందామని చేయి చాచాను. అమ్మ నా మణికట్టు పట్టుకుని ఆపింది. పళ్ళెం తన ముందుకు లాక్కుని, ముందుగా ఒక కొక్కు ముక్క తీసి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. గటక ముద్ద పులుసులో అద్దుకుని ఇంకో బుక్క తిన్నది. ఇంటి పక్క షెడ్డులో సాంచాలు నడుస్తూనే ఉన్నాయి.

"ఉప్పు జర తక్కువైంది, వదినె," అంది అమ్మ.

"రుచి జూడరాకపోతి గద."

"గయినా మంచిగున్నది."

అమ్మ ఆ పళ్ళెం ఖాళీ చేసి, చేయి కడుక్కోకుండా దాన్ని మళ్లీ ముందుకు చాపింది. అత్తమ్మ గంజును ఒళ్లోకి లాక్కుంది. గంటెడు వేసింది. ఆగి, అమ్మ మొహం చూసి, ఇంకో గంటెడు వేసింది. అమ్మ చాలనలేదు.