తీగ చుట్టిన బ్రేకు

నోలీన్‌కి కోపం ఎక్కువని మా రేవులో అందరూ అంటారు. ఎక్కువే! ఎందుకుండదు? రేవు దాటాలంటే ఎక్కి దిగాల్సిన ఆ కొండదారిలో ఏళ్ల తరబడి బడి బస్సు నడిపిన మనిషి. రోజూ పొద్దున్నే, పిల్లలెవరూ ఎక్కకముందే, ఖాళీ బస్సును ఓసారి గట్టిగా ఆపి చూసుకునేది. బ్రేకు సరిగ్గా పట్టలేదనిపిస్తే ఆ రోజు బస్సు కదిలేది కాదు. తల్లిదండ్రులు గగ్గోలుపెట్టినా, బడి పెద్దలు ఫోన్లు చేసినా సరే. "ఒక్కరోజు చదువుకోకపోతే కొంపలేం మునిగిపోవు" అనేసేది. అలాంటి మనిషి మొగుడే ట్రైలర్ బ్రేకుకి తీగ చుట్టి కూర్చుంటే కడుపు మండదూ?

తీగ సంగతి చెప్పాలి. న్యూజిలాండ్‌లో మాలాంటి రేవుల్లో పడవ ఉన్నవాడికి దాన్ని మోసే ట్రైలర్ ఉంటుంది, ట్రైలర్ ఉన్నవాడు అడిగిన ప్రతివాడికీ ఇవ్వాలి. ఇవ్వనంటే వాడి మొహం ఎవరూ చూడరు. కారు ఆగినప్పుడు ట్రైలర్ వెనకనుంచి దాన్ని నెడుతుంది కదా, ఆ నెట్టుడుకే ట్రైలర్ బ్రేకు పడుతుంది. బాగానే ఉంది. కానీ ఎత్తులో ఉన్న షెడ్డులోకి వెనక్కి ఎక్కించేటప్పుడూ అదే నెట్టుడు, అదే బ్రేకు. బండి మొరాయిస్తుంది. అందుకని కారుకి తగిలించే చోట ఒక చిన్న రేకు పెట్టారు. అది వాలిస్తే బ్రేకు పడదు. పని కాగానే ఎత్తెయ్యాలి. మావాళ్లు ఎత్తరు! ప్రతిసారీ వంగలేక, రేకును వాల్చి తీగతో కట్టిపారేస్తారు. నోలీన్ మొగుడు డెస్ కూడా అదే వెలగబెట్టాడు. పడవ దించేటప్పుడల్లా ఉప్పునీళ్లలో మునిగీ మునిగీ చక్రాల లోపల బ్రేకులు ఏమయ్యాయో చూసిన పాపాన పోలేదు.

ఆ ఎండాకాలం సెలవులకి కూతురు ట్రూడీ, అల్లుడు బ్రెంట్, మనవరాలు మిల్లీ ఆక్లండ్ నుంచి వచ్చారు. తిరిగి వెళ్లేటప్పుడు పడవ పట్టుకుపొమ్మన్నాడు డెస్, ట్రైలర్‌తో సహా. బ్రెంట్ దాన్ని తన ఇంటి కారుకి తగిలించాడు. మిల్లీ వెనక సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చుంది. దారిలో తినడానికి రొట్టెలు ఇద్దామని వచ్చిన నోలీన్, ట్రైలర్ గొలుసులు కారుకి సరిగ్గా వేశారో లేదోనని వంగి చూసింది. తీగ కనిపించింది. అంతే, రొట్టెల పొట్లం పడవలోకి విసిరేసి కారుకి అడ్డంగా నిలబడింది.

"ఆపు! ఈ బండి కొండెక్కడానికి వీల్లేదు."

ఒడ్డున చేపలు కోస్తున్నవాళ్లు తలలెత్తారు. "నోలీన్, బడి బస్సు ఆపెయ్యడం మళ్లీ మొదలెట్టావా?" అని ఒకడు కేక వేశాడు.

"నీ నోరు ఆ చేప నోట్లో పెట్టుకో!" అని, వాడి పక్కనున్న పటకారు లాక్కొచ్చి తీగ తెంపి, రేకు ఎత్తింది. "బ్రెంట్, నాలుగు బారలు ముందుకి పోనిచ్చి బ్రేకు తొక్కు."

తొక్కాడు. ట్రైలర్ ఆగలేదు. వెనకనుంచి ధన్‌మని కారును గుద్దింది. మిల్లీ ఉలిక్కిపడింది.

"చూశావా? తుప్పు తినేసింది."

"కారు బ్రేకులు కొత్తవే కదా, అత్తయ్యా," అన్నాడు బ్రెంట్.

"నలుగురు మనుషుల్ని మోసే కారు అది. ఇంత పడవని వెనక పెట్టుకుని కొండ దిగితే ఆ బ్రేకులు కాలిపోవూ? పెడలు నేలకి దిగిపోయాక ఎవర్ని పిలుస్తావు, నన్నా?"

"అమ్మా, అందరి ముందూ ఏంటిది?" అంది ట్రూడీ. "ఇలాగైతే మేం మళ్లీ రాం."

నోలీన్ మొహం పాలిపోయింది. అయినా పక్కకి జరగలేదు. "రావద్దు. బతికుండండి, చాలు."

అప్పుడు షెడ్డు ముందు కుర్చీలోంచి లేచాడు డెస్. "ఇక చాలించవే తల్లీ! ఈ ట్రైలర్ కొండ దిగడం ఇదే మొదలా? నేను ఎన్నిసార్లు దింపలేదు?"

"అలాగా! అంత ధైర్యమా?" నోలీన్ వెనక తలుపు తీసి మనవరాలి బెల్టు విప్పింది. "దిగు తల్లీ. తాతయ్య కూర్చుంటాడు నీ చోట్లో. ఎక్కవయ్యా, మగధీరా!"

అందరూ నవ్వారు. ఆ నవ్వులకి రోషం వచ్చి డెస్ ఎక్కాడు, తలుపు వేసుకున్నాడు, బెల్టు కూడా పెట్టుకున్నాడు. నోలీన్ మిల్లీ చెయ్యి పట్టుకుని పక్కకి తప్పుకుంది. బ్రెంట్ కారు స్టార్టు చేశాడు. అప్పుడు డెస్ ముందు సీటు పట్టుకుని ముందుకి వంగాడు.

"ఇదిగో అబ్బాయ్, పైనుంచే చిన్న గేరులో దిగు. సగం దారిలో సముద్రం కనిపించే మలుపు వస్తుంది చూడు, అక్కడ తప్పకుండా ఆపు. బ్రేకులు కాగి పెడలు మెత్తబడేది అక్కడే. కాసేపు చల్లారనివ్వాలి."

కిటికీ తెరిచే ఉంది. నోలీన్ విన్నది. చేపలు కోసేవాళ్లూ విన్నారు. నవ్వులు ఆగిపోయాయి. బ్రెంట్ ఇంజను ఆపేసి వెనక్కి తిరిగి మామగారి మొహంలోకి చూశాడు.

"మెత్తబడుతుందని నీకు తెలుసా?" అంది నోలీన్.

డెస్ బెల్టు విప్పుకున్నాడు.

"తెలిసే పాపని ఎక్కించావా?"

"జాగ్రత్తగా దిగితే ఏమీ కాదనుకున్నానే..." అని నసిగి, కారు దిగి, ట్రైలర్ గొలుసులు తనే విప్పడం మొదలుపెట్టాడు. కొక్కెం ఒక పట్టాన ఊడిరాలేదు. నోలీన్ సాయం పట్టలేదు.

"ఆ మలుపు దగ్గర ప్రతిసారీ ఆపేవాడివి," అంది. ఆవిడ అంత మెల్లిగా మాట్లాడటం మా రేవు ఎప్పుడూ వినలేదు. "సముద్రం చూద్దాం రావే, ఇద్దరం కూర్చుని టీ తాగుదాం అనేవాడివి. నా మీద ప్రేమనుకున్నాను కదయ్యా, ఇన్నేళ్లూ."